వ్యవసాయ కళాశాలలో పనిచేసి రిటైరైన గురువులకి, సిబ్బందికి సన్మానం: జాబితా నుంచి చివరి ఫోన్ కాల్ దాకా ఎలా చెయ్యాలి

ఒడిశాలో మా గజపతి జిల్లాలోను, పక్కనున్న గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోను తెలుగు ఇళ్లల్లో అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాళ్లు తక్కువేమీ కాదు. కొందరు భువనేశ్వర్‌లో ఓయూఏటీలో, అంటే ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివారు, కొందరు సరిహద్దు దాటి శ్రీకాకుళం దగ్గర నైరకో, ఇంకా దూరం బాపట్లకో వెళ్లారు, ఈమధ్య కాలం పిల్లలైతే పర్లాకిమిడిలోనే సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. స్వామినాథన్ పేరుతో ఉన్న వ్యవసాయ విభాగంలో చేరుతున్నారు. ఎక్కడ చదివినా కొన్నేళ్లు పోయాక బ్యాచ్ గ్రూపులో ఎవరో ఒకరు ఒక మాట అంటారు: మనకి చదువు చెప్పిన సార్లందరూ రిటైరైపోయారు, ఒకసారి పిలిచి గౌరవించుకుందాం రా అని.

మంచి మాటే. కానీ అక్కడి నుంచి జరిగేది చాలాసార్లు ఒకటే. హాలు, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి, శాలువా, జ్ఞాపిక, గ్రూపు ఫోటో, భోజనం. సన్మానం అందుకున్న పెద్దాయన ఏ పని చేసి ఆ కుర్చీ దాకా వచ్చారో ఆ మూడు గంటల్లో ఒక్కరూ చెప్పరు. ఇక ఫారంలో, అంటే కళాశాల ప్రయోగాల పొలంలో ముప్ఫై ఏళ్లు నారు పీకినవాళ్లు, ల్యాబులో గాజు సామాను కడిగినవాళ్లు, మెస్సులో వండిపెట్టినవాళ్లు ఆ హాల్లో ఉంటే గింటే వెనక వరసలో ఉంటారు. నేను ఈ మార్గదర్శి రాస్తున్నది ఈ రెండూ మారాలని. ఎవరు ఏం చేశారో వివరంగా చెప్పడమే సన్మానం, ఆ చెప్పడం ప్రొఫెసర్‌కీ, ప్రయోగాల మడులు చూసుకునే ఫీల్డ్ మేన్‌కీ ఒకే వేదిక మీద జరగాలి. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా ఏర్పాట్లు అవే దారిలో పడతాయి.

ముందు అనుమతి, మనుషులు

కళాశాల ఆవరణలో చేస్తే డీన్ గారికి రాతపూర్వకంగా అడగండి. ఉత్తరంలో తేదీ, సుమారు ఎంతమంది వస్తారు, ఏ గదులు కావాలి, ఫారంలోకి వెళ్లే ఉద్దేశం ఉందా, ఖర్చు ఎవరిది అన్నవి స్పష్టంగా ఉండాలి. పూర్వ విద్యార్థుల సంఘం ఉంటే దానితో కలిసి చెయ్యండి, లేకపోతే ఒక బ్యాచ్ ముందుకొచ్చి పై బ్యాచ్ నుంచి ఇద్దరిని, కింది బ్యాచ్ నుంచి ఇద్దరిని కలుపుకుంటే చాలు. పెద్ద కమిటీలు వద్దు. అయిదారుగురు ఉండి, అందులో ఒకరు లెక్కలు, ఒకరు జాబితా, ఒకరు ప్రయాణాలు, ఇద్దరు రాతపని చూసుకుంటే నడుస్తుంది. రాతపనికి ఇద్దరు ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది అదే. ఆ ఇద్దరిలో ఒకరికి ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చి తీరాలి.

ఇప్పుడు పనిచేస్తున్న సిబ్బందిలో ఒకరిని మొదటి రోజే కలుపుకోండి. ఆఫీసు సూపరింటెండెంట్ గానీ ఫారం మేనేజర్ గానీ అయితే మరీ మంచిది, పాత రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో వాళ్లకే తెలుస్తుంది.

జాబితా: ఇక్కడ తొందరపడకండి

మీకు గుర్తున్న పేర్లతో మొదలెడితే మీకు పాఠం చెప్పినవాళ్లే వస్తారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం అంటే బోధన ఒక్కటే కాదు, పరిశోధన, విస్తరణ (తేలిన సంగతులు రైతుల దాకా చేర్చే పని) కూడా. 1960లో పంత్‌నగర్‌తో మన దేశంలో ఈ పద్ధతి విశ్వవిద్యాలయాలు మొదలయ్యాయి, ఓయూఏటీ 1962లో వచ్చింది, భువనేశ్వర్‌లోని కళాశాల అయితే అంతకు ముందే 1954లో ఉత్కళ కృషి మహావిద్యాలయంగా పుట్టింది. ఇన్ని దశాబ్దాల్లో తరగతి గది మొహం చూడకుండా సెమిలిగుడ పరిశోధన కేంద్రంలోనో, ఆర్. ఉదయగిరి, గుణుపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లోనో ఏళ్ల తరబడి గడిపినవాళ్లున్నారు. వాళ్లు విద్యార్థులకి తెలియదు, రైతులకి తెలుసు. కాబట్టి జాబితా మూడు వైపుల నుంచీ రావాలి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయంటే, ఆఫీసులో సీనియారిటీ జాబితాలు, వార్షిక నివేదికలు, కళాశాల పత్రికలు అందరికీ తట్టేవే. అంతకంటే మంచి చోటు ఒకటుంది, పాత థీసిస్‌ల ముందు పేజీల్లో ఉండే కృతజ్ఞతలు. గైడుకి, కమిటీ సభ్యులకి దండాలు అయ్యాక చివర్లో ఒక వాక్యం ఉంటుంది చూడండి, పొలంలో సాయపడ్డ ఫలానా, ల్యాబులో సాయపడ్డ ఫలానా అని, అక్కడ ఉంటాయి మనకి కావలసిన పేర్లు. ఒకే ఫీల్డ్ మేన్ పేరు పది పదిహేనేళ్ల తేడాతో వేరువేరు థీసిస్‌లలో కనిపిస్తే ఆయన ఎంతమంది డిగ్రీల వెనక ఉన్నాడో అర్థమైపోతుంది. లైబ్రరీలో కూర్చుని వెతకొచ్చు, కొన్ని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు కృషికోశ్ అనే వెబ్‌సైట్లో ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. కీటక శాస్త్ర విభాగంలో పురుగుల పెట్టెలు తెరిచి చూడండి, ప్రతి సూది కింద చిన్న చీటీ మీద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పట్టారో రాసి ఉంటుంది. వాతావరణ అబ్జర్వేటరీ రిజిస్టర్లో రోజువారీ సంతకాలుంటాయి. మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) దొరికితే కూలీకి వచ్చినవాళ్ల పేర్లు కూడా దొరుకుతాయి, పర్మినెంట్ కాకుండానే జీవితమంతా ఫారంలో చేసినవాళ్లు అందులోనే కనపడతారు, ఇంకే కాగితంలోనూ కనపడరు.

ఆడవాళ్ల పేర్లు ప్రత్యేకంగా వెతకాలి. ఊడుపులు, కలుపులు, గింజ ఏరడం, శాంపిళ్లు ఆరబెట్టడం ఎక్కువగా వాళ్ల చేతుల మీదుగానే జరిగాయి, కానీ కాగితాల మీద వాళ్ల పేర్లు తక్కువ. పక్క ఊళ్లో అడిగితే చెప్తారు.

రైతుల్ని కూడా మరిచిపోవద్దని నా మాట. మినీకిట్ విత్తనం (కొత్త రకం చిన్న సంచి) ఇచ్చి పొలంలో వేసి చూడమంటే సొంత మడి ఇచ్చినవాళ్లు, రావె (పల్లెలో ఉండి వ్యవసాయ పని నేర్చుకునే కోర్సు) కోసం ఊరికి వచ్చిన విద్యార్థులకి ఒక సెమిస్టర్ పాటు వ్యవసాయం చూపించినవాళ్లు కూడా ఒకరకంగా బోధన సిబ్బందే. జయపురం దగ్గర పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి గారు దేశవాళీ వరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమెలాంటివాళ్ల దగ్గర నేర్చుకున్న శాస్త్రవేత్తలు ఎందరో ఉన్నారు. ఒకరో ఇద్దరో రైతుల్ని మీ జాబితాలో పెట్టండి.

ఒక విడతకి పదిహేను ఇరవై మందికి మించొద్దు. మిగతావాళ్లు మరుసటి ఏడు. ఎవరిని ముందు పిలవాలి అంటే వయసులో పెద్దవాళ్లని, అంతే. పదవిని బట్టి వరస పెడితే గొడవలొస్తాయి, వయసుని బట్టి పెడితే ఎవరూ నోరెత్తరు.

ఇంటికి వెళ్లి అడగండి

ఫోన్లో ఆహ్వానం పంపించేసి ఊరుకోకండి. దగ్గరవాళ్లయితే ఇంటికెళ్లండి, దూరంవాళ్లయితే వీడియో కాల్లో ఇంట్లోవాళ్లు కూడా ఉన్నప్పుడు మాట్లాడండి. ఆరోగ్యం ఎలా ఉంది, మెట్లు ఎక్కగలరా, రాత్రి ప్రయాణం పడుతుందా, వినికిడి ఎలా ఉంది అన్నవి ఇంట్లోవాళ్లే సరిగ్గా చెప్తారు. కొందరికి సన్మానమంటేనే ఇష్టం ఉండదు. రాలేనంటే బలవంతం చెయ్యకుండా, పత్రం ఇంటికి తెచ్చి ఇస్తే పుచ్చుకుంటారా అని అడగండి. ఫోటోలు, వీడియోలు బయట పెట్టొచ్చా అన్నది కూడా అప్పుడే అడిగి రాసుకోండి.

ఫారంలో పనిచేసినవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఇంకో సంగతి గమనించాలి. "మమ్మల్నెందుకు బాబూ, సార్లని పిలుచుకోండి" అంటారు. చాలామంది అలాగే అంటారు, అది మొహమాటం కావచ్చు, ఆ హాలుకి వెళ్తే చిన్నతనమవుతుందేమో అన్న బెరుకు కావచ్చు. ఆరోజు ఏం జరుగుతుందో, ఎక్కడ కూర్చుంటారో, ఏం చదువుతారో ముందే వివరంగా చెప్తే ఆ బెరుకు పోతుంది. కొడుకునో కోడలినో మనవళ్లనో కూడా రమ్మనండి. ఆరోజు కూలి పోతుందని వెనకాడేవాళ్లుంటే ఆ కూలి డబ్బు, రాను పోను ఖర్చు మీరే పెట్టుకోవాలి, అది కూడా సిగ్గుపడేలా కాకుండా కుటుంబంలో ఒకరికి ముందే ఇచ్చేయాలి.

సన్మాన పత్రం: అసలు పని ఇది

విద్యాదాత, క్రమశిక్షణకు మారుపేరు, అజాతశత్రువు, సౌమ్యులు. ఈ నాలుగు మాటలు ఏ పత్రంలో అయినా అతుకుతాయి, అందుకే ఎవరికీ అతకవు. మీరు రాసే పత్రంలో పేరు తీసేసినా ఇది ఫలానా వారిదే అని పాత విద్యార్థి గుర్తుపట్టాలి.

అలా రాయాలంటే పని ఎలా జరిగేదో తెలియాలి. మన జిల్లాల్లో చాలాకాలంగా వేసే స్వర్ణ వరి రకమే తీసుకోండి. పశ్చిమ గోదావరిలో మార్టేరు పరిశోధన కేంద్రంలో వసిష్ఠ, మసూరి రకాలని కలిపి తయారుచేసిన ఎంటీయూ 7029 అది, 1982లో వచ్చింది. ఒక వరి రకం బయటికి రావాలంటే ముందు పూత దశలో వెన్నుల్లోంచి మగ భాగాలు ఒక్కొక్కటీ తీసి, వెన్నుకి కాగితపు సంచి తొడిగి, మర్నాడు పువ్వు విచ్చుకునే వేళకి రెండో రకం పుప్పొడి దులపాలి. ఆ నాలుగు గింజల నుంచి తరం తర్వాత తరం వేల మొక్కల్లో మంచివి ఏరుకుంటూ ఆరేడు తరాలు పోవాలి. ఆ తర్వాత ఒక కేంద్రంలో, ఆపైన పలు కేంద్రాల్లో, ఆపైన రైతుల పొలాల్లో పరీక్షలు. పేరు శాస్త్రవేత్తది, బాధ్యత ఆయనది, అందులో సందేహం లేదు. కానీ ఏ మడిలో ఏ వరసలో ఏ మొక్కకి ఏ చీటీ ఉందో వాన కురిసి సిరా కరిగిపోయినా చెప్పగలిగినవాళ్లు ఫీల్డ్ మేన్‌లు. గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా తెల్లవారకముందే వచ్చి పిట్టలు తోలినవాళ్లు లేకపోతే దిగుబడి లెక్కే తప్పు. ఒక ప్లాటులో పిట్టలు తిని ఇంకో ప్లాటులో తినకపోతే ఆ ప్రయోగానికి అర్థం లేదు కదా. ఓయూఏటీ ఇచ్చిన లలాట్ రకమైనా, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి అయినా ఇదే కథ.

ల్యాబు సంగతీ అంతే. నత్రజని శాతం తేల్చడానికి కెల్డాల్ పద్ధతిలో శాంపిల్‌ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉడికించాలి, పొగలు వస్తాయి, గంటల పని. ఎంఎస్సీ విద్యార్థి ఒక ఏడాది ఆ పని చేసి వెళ్లిపోతాడు, అటెండరు సర్వీసంతా అక్కడే ఉంటాడు. గాజు సామాను సరిగ్గా కడగకపోతే ఫలితాలు తప్పుతాయి, సరిగ్గా కడిగినరోజు దాని గురించి ఎవరూ మాట్లాడరు.

అందుకని ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడగాలి. ఏ సంవత్సరంలో చేరారు అని మొదలెడితే చాలామంది పెద్దవాళ్లు తడబడతారు, తుఫానులతో మొదలెట్టండి. మా వైపు కాలం తుఫానులతోనే గుర్తుంటుంది. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్, 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసిన తిత్లీ. "తిత్లీ రాత్రి విత్తనం గోదాము సంగతేమైంది, మర్నాడు మీరే వెళ్లారా" అని అడిగితే మాటలు వాటంతటవే వస్తాయి. తర్వాత అడగాల్సినవి: రోజు ఎన్ని గంటలకి మొదలయ్యేది, పండగరోజు కూడా రావలసిన పని ఏది, మీరు వచ్చాక మారిన పద్ధతి ఏది, కొత్త విద్యార్థులు తరచుగా ఎక్కడ తప్పు చేసేవాళ్లు, మీకు పని నేర్పిందెవరు, మీరు ఎవరికి నేర్పారు. ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి, ఎందుకంటే అక్కడ మీ జాబితాలో లేని ఇంకో పేరు బయటపడుతుంది. వాళ్లు ఒప్పుకుంటే ఇదంతా ఫోన్లో రికార్డు చెయ్యండి.

విన్నదాన్ని ఇంకొకరి దగ్గర సరిచూసుకున్నాకే పత్రం రాయాలి. ఏ రకం తయారీలో ఉన్నారు, ఏ పురస్కారం వచ్చింది, ఏ ఏడు బదిలీ అయింది లాంటివి కాగితంతో పోల్చుకోండి. వేదిక మీద తప్పు చదివితే ఆ పెద్దాయనే ఇబ్బంది పడతారు.

పత్రం అరపేజీ దాటొద్దు. ఒక ఫీల్డ్ మేన్‌కి ఇలా రాయొచ్చు, వివరాలు మీవి పెట్టుకోండి:

"శ్రీ ఫలానా గారు మన కళాశాల ఫారంలో వరి ప్రయోగాల మడులు చూశారు. నారు పోసిన రోజు నుంచి విత్తనం సంచుల్లోకి ఎక్కేదాకా ప్రతి ప్లాటు చీటీ ఆయన చేతులతో కట్టిందే. తుఫాను నీళ్లు ఫారంలోకి వచ్చినప్పుడు బ్రీడర్ విత్తనం (కొత్త రకం మూల విత్తనం) బస్తాలు మేడమీదకి చేర్చిన వారిలో ఆయన ఒకరు. తాడు పట్టి వరసగా ఊడ్చడం, గట్టు వార నుంచి శాంపిల్ తియ్యకూడదని చెప్పడం, ఇవి మేము తరగతిలో చదివిన దానికంటే ముందు ఆయన దగ్గర నేర్చుకున్నాం. మా థీసిస్‌లలో ఆయన పేరు ఉంది, ఈరోజు అందరి ముందు చదువుతున్నాం."

ప్రొఫెసర్‌కి రాసేటప్పుడు పదవుల జాబితా ఒక్క వాక్యంలో ముగించండి. ఆయన ఏ ప్రశ్న వెంట జీవితమంతా పడ్డారు, ఏ జిల్లా రైతుకి దానివల్ల ఏం మారింది, పరీక్ష తప్పిన విద్యార్థి విషయంలో ఏం చేశారు, అవి రాయండి. మెస్సు వంటమ్మకి రాసేటప్పుడు ఎంతమందికి వండేది, రాత్రి ఫీల్డ్ నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్లకి అన్నం ఎలా దాచేది, తెలుగు పిల్లలు పప్పులో చింతపండు లేదని గొడవ చేస్తే ఏం చేసింది, అన్నీ పనికొస్తాయి. చనువుగా అయినా మర్యాద తగ్గకూడదు. హాస్టల్లో ఆమెని మౌసీ అని పిలిచి ఉంటే పత్రంలో కూడా ఆ పిలుపు ఒకసారి రావాలి, పేరు పక్కన గారు మాత్రం తప్పదు.

భాష గురించి. అందుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో చదవాలి. సార్లు ఒడియావాళ్లయితే ఒడియాలో, తెలుగువాళ్లయితే తెలుగులో, ఫారంలో సవర గిరిజన కుటుంబాలవాళ్లుంటే ఆ భాష వచ్చినవాళ్ల చేత రెండు మాటలైనా ఆ భాషలో చెప్పించండి. సవర భాష నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పించడానికి పాటుపడ్డ గిడుగు రామమూర్తి పంతులు గారు మాస్టారుగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. ఇక్కడ ఇంగ్లిష్‌లో మాత్రమే పత్రం చదివితే బాగుండదు. అచ్చు పెద్దదిగా ఉండాలి, కళ్లజోడు మరిచిపోయినా చదువుకోగలగాలి.

తేదీ ఎంచుకోవడం

అందరికీ ముందు తట్టేది సెప్టెంబరు 5. అది వానల్లో పడుతుంది, ఖరీఫ్ పనులు నడుస్తుంటాయి, చవితి పందిళ్ల హడావుడి కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, పైగా ఆరోజు ప్రతి బడిలోనూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది కాబట్టి హాలు, వాహనాలు, అతిథులు దొరకరు. తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29, గిడుగు వారి పుట్టినరోజు, మా ఊరికి అది ప్రియమైన రోజే కానీ వానల విషయంలో అదే ఇబ్బంది. అక్టోబరు వద్దే వద్దు, పైన చెప్పిన తుఫానుల తేదీలు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

వ్యవసాయ కళాశాలకి సరిగ్గా సరిపోయే రోజు డిసెంబరు 3, వ్యవసాయ విద్యా దినోత్సవం. తొలి రాష్ట్రపతి, అంతకుముందు ఆహార వ్యవసాయ మంత్రిగా చేసిన బాబూ రాజేంద్ర ప్రసాద్ పుట్టినరోజది. అయితే రెండు చూసుకోవాలి. ఒకటి, కోతలు, నూర్పులు నడిచే సమయం, ఫారం వాళ్లకి ఊపిరి ఆడదు. రెండోది, ఆరోజు గురువారం పడితే. ఒడియా ఇళ్లల్లో మార్గశిర గురువారాలు మాణబసా అనే లక్ష్మీ పూజ, ఇంటి ఆడవాళ్లు బయటికి రాలేరు. మన శ్రీకాకుళం వైపు తెలుగు ఇళ్లల్లోనూ మార్గశిర లక్ష్మివారాల పట్టింపు ఉంది, ఆరోజు డబ్బు, వస్తువు చేయి మారనివ్వరు కొందరు. ఒడియావాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి వాళ్లకి మార్గశిరం మనకంటే పక్షం ముందే వచ్చేస్తుంది, తెలుగు పంచాంగం ఒక్కటే చూసి తేదీ ఖాయం చెయ్యకండి. కార్తీకంలో పెడితే భోజనం శాకాహారమే, అందులోనూ ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లుంటారు.

నన్నడిగితే సంక్రాంతి వెళ్లాక జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఒక ఆదివారం అన్నిటికంటే మేలు. ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది, ఎండ పదును ఉండదు, పిల్లల పరీక్షలు ఇంకా రావు. మహారాష్ట్ర వైపు దెగ్లూరు, రాజురా, సిరోంచ ప్రాంతాల్లో ఉండి పర్భణిలోనో అకోలాలోనో చదివిన మనవాళ్లకి జులై 1 కృషి దినం, వసంతరావ్ నాయక్ జయంతి అని ఒక ఆలోచన వస్తుంది. విత్తే పనులు ముమ్మరంగా ఉండే రోజులవి, వాళ్లకి కూడా జనవరే నయం.

చోటు, ప్రయాణం

ఆడిటోరియం కంటే ఫారం దగ్గర చెట్ల కింద పందిరి వేస్తే బావుంటుంది. వాళ్లు పనిచేసిన చోటు అదే. కానీ గట్ల మీద నడిపించొద్దు. వాహనం పందిరి దాకా రావాలి, వేదిక నేలకి ఒక మెట్టు ఎత్తుంటే చాలు, చేతులున్న గట్టి కుర్చీలు వెయ్యాలి, మరుగుదొడ్డి దగ్గరలో పడమటి పద్ధతి సీటుతో ఉండాలి. ఇవి చిన్న విషయాల్లా ఉంటాయి కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దలు దీనికే భయపడి రానంటారు.

పర్లాకిమిడికి దూరం నుంచి వచ్చేవాళ్లు పలాసలో దిగి రోడ్డు మార్గంలో రావొచ్చు, లేదా నౌపడ నుంచి గుణుపురం లైన్లో రైల్లో రావొచ్చు. పలాస స్టేషన్ దగ్గరే ఒక విద్యార్థి బండితో నిలబడి ఉండాలి. విశాఖ, భువనేశ్వర్‌లలో స్థిరపడ్డవాళ్లని ముందురోజు సాయంత్రానికే రప్పించి గెస్ట్ హౌసులోనో విద్యార్థుల ఇళ్లల్లోనో ఉంచండి. విద్యార్థి ఇంట్లో రాత్రి భోజనం చేసి పాత కబుర్లు చెప్పుకోవడం చాలామందికి మర్నాటి సభకంటే ఎక్కువ నచ్చుతుంది.

డబ్బు, కానుకలు

ఒక ఖాతా, ఇద్దరి సంతకాలు, ప్రతి చందా, ప్రతి ఖర్చు అందరికీ కనపడేలా. ఇప్పుడు చదువుకుంటున్న పిల్లల దగ్గర వసూలు చెయ్యొద్దు, సన్మానం అందుకునేవాళ్ల దగ్గర అసలు అడగొద్దు. ఎవరు ఎక్కువిచ్చారో వేదిక మీద చెప్పకండి.

అందరికీ ఒకే వస్త్రం. మా వైపు దీనికి లోటు లేదు. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో చెట్టు వేళ్ల రంగుతో నేసే బట్టకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ ఉత్తరీయం సన్మానానికి చాలా హుందాగా ఉంటుంది, ప్యాకెట్ శాలువాలకంటే నేతవాళ్లకీ మేలు. డబ్బు సరిపోతే బరంపురం పట్టు. పర్లాకిమిడి కొమ్ము పని బొమ్మలు అందంగా ఉంటాయి, కానీ కొమ్ముతో చేసినవి ఇంట్లో పెట్టుకోనివాళ్లుంటారు, ముందే కనుక్కోండి.

వస్తువు కంటే పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ఏళ్ల తరబడి మందు పిచికారీ చేసినవాళ్లకి, ఆమ్లాల పొగ మధ్య పనిచేసినవాళ్లకి కళ్లు, ఊపిరితిత్తులు, బీపీ, షుగర్ పరీక్షలు చేయించండి, మన బ్యాచ్‌లలో ఎవరి ఇంట్లోనో ఒక డాక్టరు ఉంటారు. పింఛను కాగితాలు ఎక్కడైనా ఆగిపోయి ఉంటే తెలిసినవాళ్లు కూర్చుని సరిచెయ్యండి. చాలామంది పింఛనుదార్లకి నవంబరులో జీవన ధ్రువీకరణ పత్రం ఇవ్వాల్సి ఉంటుంది, ఫోన్లో చెయ్యడం రానివాళ్లకి ఏటా ఒక విద్యార్థి వెళ్లి చేసిపెడితే అది కూడా సన్మానమే. పింఛను లేని దినకూలీలకి డబ్బు ఇవ్వాలనుకుంటే వేదిక మీద కవరు వద్దు, నేరుగా ఖాతాలో వెయ్యండి.

నిధి ఎక్కువ పోగైతే విశ్వవిద్యాలయంలో వారి పేరిట బంగారు పతకం పెట్టడం అందరికీ తెలిసిన దారి, నియమాలు రిజిస్ట్రార్ ఆఫీసులో చెప్తారు. ఫీల్డ్ మేన్ పేరు మీద కూడా ఒక బహుమతి పెట్టండి. ప్రయోగ ప్లాటు అందరికంటే చక్కగా నిర్వహించిన విద్యార్థికి ఇవ్వొచ్చు.

ఆ రోజు

ఉదయం తొమ్మిదికి టిఫిను పెట్టి పదికి మొదలెట్టండి, షుగర్ ఉన్నవాళ్లని ఆకలితో కూర్చోబెట్టకూడదు. ప్రారంభ ప్రసంగం అయిదు నిమిషాలు. ముఖ్య అతిథి తప్పనిసరి కాదు, ఉంటే ఆయన కూడా ఒక పత్రం చదవాలి, అంతకుమించి మాట్లాడకూడదని ముందే మర్యాదగా చెప్పండి. రాజకీయ నాయకుల్ని పిలిస్తే సభ వాళ్ల రాక కోసం ఆగుతుంది, పెద్దవాళ్లు ఎండలో కూర్చుంటారు. పిలవకపోవడమే నా సలహా.

పిలిచే వరస వయసు వరసే. ముఖ్య అతిథి చదివేది తప్ప, ఒక్కొక్కరి పత్రం ఆయన దగ్గర నేర్చుకున్న విద్యార్థే చదవాలి, నెమ్మదిగా, ఆయన వైపు తిరిగి. తర్వాత వస్త్రం, పత్రం, ఒక మొక్క. మాట్లాడతారా అని అడిగి మైకు చేతికివ్వండి, మాట్లాడనంటే చప్పట్లతో సరి. భర్త పోయిన ఆడవాళ్ల విషయంలో బొట్టు, పువ్వుల దగ్గర ఎవరో ఆగిపోవడం చూస్తుంటాం, వాళ్ల మనసు చివుక్కుమంటుంది. అందరికీ ఏది ఇస్తే వాళ్లకీ అదే ఇవ్వాలి, పళ్లెం పట్టుకునే పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

పోయినవాళ్లని మధ్యలో తలుచుకోండి, చివర్లో హడావుడిగా కాదు. వాళ్ల పత్రాలు కూడా పూర్తిగా రాసి, చదివి, కుటుంబంలో ఒకరికి అందించాలి. ఫోటో దొరక్కపోతే పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి చాలు.

భోజనాలు ఒకే పంక్తిలో. వీఐపీ గది అంటూ వేరే వద్దు. వడ్డన మీరే చెయ్యండి. తిన్నాక నడవగలిగినవాళ్లని ల్యాబుకి, ఫారానికి తీసుకెళ్లి ఇప్పటి విద్యార్థులతో మాట్లాడించండి. ఆ గంట సభలో ఎక్కడా రాని సంగతులు బయటికొస్తాయి, రికార్డరు పట్టుకుని ఒకరు వెంట ఉండాలి.

తర్వాత వారం

క్షేమంగా ఇల్లు చేరారా అని ఆ రాత్రే ప్రతి ఒక్కరికీ ఫోన్ చెయ్యాలి. వారంలో ఫోటోలు అచ్చు వేయించి పోస్టులో పంపండి, ఫోన్లో పంపినవి పెద్దవాళ్లు మళ్లీ చూసుకోలేరు. రికార్డింగులు, పత్రాల నకళ్లు, సేకరించిన పాత ఫోటోలు ఒక పెట్టెలో, ఒక హార్డ్ డిస్కులో పెట్టి కళాశాల లైబ్రరీకి రసీదుతో అప్పగించండి. ఫోటోల వెనక పెన్సిల్‌తో ఎవరెవరో రాసి ఉంచాలి, ఇప్పుడు గుర్తుపట్టేవాళ్లున్నారు.

డీన్ గారు ఒప్పుకుంటే ఫారంలో పాత మామిడి, కొబ్బరి బ్లాకుల దగ్గర చిన్న బోర్డులు పెట్టించండి, నాటిన ఏడు, రకం పేరు, నాటిన శాస్త్రవేత్త పేరు, పెంచిన ఫీల్డ్ మేన్ల పేర్లు. విభాగం గోడ మీద హెచ్‌ఓడీల (విభాగాధిపతుల) జాబితా ఎలాగూ ఉంటుంది, దాని పక్కనే ల్యాబ్, ఫారం సిబ్బంది జాబితా కూడా అదే సైజు అక్షరాలతో రాయించమని అడగండి.

లెక్కలు నెలలోపు అందరికీ పంపి ఖాతా తేల్చేయండి. కార్యక్రమం ఫోటోలు చూశాక "మా నాన్న కూడా అక్కడే చేశారు, ఆయన్ని పిలవలేదేం" అని తప్పకుండా ఫోన్లు వస్తాయి. సంజాయిషీలు చెప్పకుండా పేరు, ఊరు, చేసిన పని, చేరిన ఏడు రాసుకుని వచ్చే ఏటి జాబితాలో పెట్టండి, ఆ పుస్తకం తర్వాతి బ్యాచ్ చేతికి ఇచ్చేటప్పుడు ఇంకా కలవాల్సినవాళ్ల పేర్ల పక్కన వయసు కూడా వేసి ఇవ్వండి.